ప్రజాప్రయోజన న్యాయవాద వృత్తి (సింగరేణి ప్రాంతం)

ప్రజాప్రయోజన న్యాయవాద వృత్తి అనగా న్యాయవాదిని నియమించుకొనే స్తోమత లేనివారి పక్షాన, లేదా ఒక ప్రాంత ప్రజలందరికీ ఉమ్మడిగా చెందే హక్కుల పక్షాన న్యాయస్థానాలలోను, వాటి వెలుపలను పనిచేసే వృత్తి. వార్తాపత్రికలలో తరచు కనిపించే ప్రజాప్రయోజన వ్యాజ్యం (పిల్) ఇందులో ఒక చిన్న భాగం. పని నుండి తొలగించబడిన కార్మికుని కేసు, గని ప్రమాదంలో మరణించినవాని భార్య నష్టపరిహారపు దరఖాస్తు, భూమి కోల్పోయిన రైతు అభ్యంతరపత్రం, జైలులో ఉన్న నిరుపేద బెయిలు దరఖాస్తు మొదలైనవన్నీ దీని పరిధిలోనివే. పెద్దపల్లి జిల్లాలోని రామగుండం, గోదావరిఖని కేంద్రంగా సింగరేణి బొగ్గుగనుల ప్రాంతంలో ఈ వృత్తికి గల అవసరాన్ని, ఇందులో ప్రవేశించదలచిన విద్యార్థులకు ఉన్న ఉద్యోగాలను, ఫెలోషిప్పులను ఈ వ్యాసం వివరిస్తుంది.

నేపథ్యం

1976లో జరిగిన 42వ సవరణ ద్వారా భారత రాజ్యాంగంలో 39-ఎ అధికరణం చేర్చబడినది. పేదరికం వలన ఎవరికీ న్యాయం దూరం కారాదని, అందుకై ప్రభుత్వం ఉచిత న్యాయసహాయం కల్పించాలని దీని సారాంశం. 1979లో బీహారు విచారణ ఖైదీలకు సంబంధించిన హుస్సేనారా ఖాతూన్ కేసుతో ప్రజాప్రయోజన వ్యాజ్యాలకు మార్గం ఏర్పడినది. గని ప్రాంతపు పాఠకులకు ఇంకా దగ్గరగా ఉండేది బంధువా ముక్తి మోర్చా కేసు. ఫరీదాబాద్ రాతి క్వారీలలోని వెట్టి కార్మికుల గురించి వచ్చిన ఒక ఉత్తరాన్నే సుప్రీంకోర్టు పిటిషనుగా స్వీకరించి, పరిశీలకులను పంపి, 1983 డిసెంబరులో తీర్పు చెప్పినది. గని కార్మికుల చట్టాలు కాగితంపై ఉండగా క్వారీలో అమలు కావడం లేదని ఆ తీర్పు ద్వారా దేశానికి తెలిసినది.

తెలుగునాట ఈ కోవలో ముఖ్యమైనది సమతా కేసు. షెడ్యూల్డు ప్రాంతాలలో ప్రభుత్వ భూములను గనుల తవ్వకానికి ప్రైవేటు సంస్థలకు లీజుకు ఇవ్వరాదని 1997 జూలై 11న సుప్రీంకోర్టు తీర్పునిచ్చినది. విశాఖపట్నం ఏజెన్సీలో పనిచేసే సమతా అనే స్వచ్ఛంద సంస్థ ఈ కేసును నడిపినది. ప్రభుత్వరంగ సంస్థలకు ఆ నిషేధం వర్తించదని కూడా తీర్పులో ఉన్నందున సింగరేణికి దాని వలన ఆటంకం కలుగలేదు.

సింగరేణిలో వచ్చే వ్యాజ్యాలు

ఎల్లందు వద్ద 1889లో బొగ్గు తవ్వకం మొదలైనది. 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడినది. నేడు ఈ కంపెనీలో తెలంగాణ ప్రభుత్వానికి 51 శాతం, కేంద్ర ప్రభుత్వానికి 49 శాతం వాటా కలదు. ఇది న్యాయశాస్త్ర విద్యార్థి గమనించవలసిన విషయం. ప్రభుత్వ యాజమాన్యంలోని సంస్థ కనుక రాజ్యాంగం 12వ అధికరణం ప్రకారం 'రాజ్యం' అనే నిర్వచనంలోకి వస్తుంది. అందువలన దీని నిర్ణయాలపై 226వ అధికరణం కింద హైకోర్టులో రిట్ పిటిషను వేయవచ్చును. సమాచార హక్కు చట్టం, 2005 కింద 10 రూపాయల రుసుముతో కంపెనీని సమాచారం అడుగవచ్చును. ప్రైవేటు గనిలో పనిచేసే కార్మికునికి ఈ రెండు అవకాశాలూ ఇంత సులభంగా లభించవు.

ఈ ప్రాంతంలో ఎక్కువగా వచ్చే కేసు తొలగింపు కేసు. ఏడాదిలో తగినన్ని మస్టర్లు లేవని చార్జిషీటు ఇచ్చి, విచారణ జరిపి, కార్మికుని పని నుండి తీసివేస్తారు. గైర్హాజరుకు కారణం జబ్బు కావచ్చును, అప్పులు కావచ్చును, తాగుడు కావచ్చును. పారిశ్రామిక వివాదాల చట్టం, 1947లో 1971లో చేరిన 11-ఎ సెక్షను ప్రకారం, తప్పు రుజువైనప్పటికీ శిక్ష మరీ కఠినంగా ఉన్నదని భావిస్తే దానిని తగ్గించే అధికారం కార్మిక న్యాయస్థానానికి ఉన్నది. ఇటువంటి కేసులు విచారించుటకు గోదావరిఖనిలోనే పారిశ్రామిక ట్రిబ్యునల్ మరియు కార్మిక న్యాయస్థానం ఏర్పాటైనది. తొలగించబడిన కార్మికుడు ప్రభుత్వం రిఫర్ చేసేవరకు వేచి ఉండకుండా నేరుగా కోర్టుకు వెళ్ళే హక్కును ఆంధ్రప్రదేశ్ 1987లోనే సవరణ ద్వారా ఇచ్చినది. దేశమంతటికీ ఆ హక్కు 2010లో గాని రాలేదు.

2025 నవంబరు 21 నుండి నాలుగు కార్మిక స్మృతులు అమలులోకి వచ్చినవి. పారిశ్రామిక వివాదాల చట్టం స్థానంలో పారిశ్రామిక సంబంధాల స్మృతి, 2020 వచ్చినది. తొలగింపుపై వివాదం లేవనెత్తే గడువు పాత చట్టంలో 3 సంవత్సరాలు ఉండగా కొత్త స్మృతిలో 2 సంవత్సరాలకు తగ్గినది. వేరే ఊళ్ళో ఉంటూ, పెద్దమనుషుల ద్వారా మళ్ళీ పని దొరుకుతుందేమోనని కాలం గడిపే కార్మికునికి ఈ ఒక్క సంవత్సరమే అతి విలువైనది. పాత కేసులు ఇంకా ఉన్నందున, ఈ రంగంలోకి వచ్చేవారు పాత చట్టాన్ని, కొత్త స్మృతిని రెండింటినీ చదువుకొనవలసి ఉన్నది.

కార్మిక న్యాయస్థానానికి మరొక విశిష్టత కలదు. అక్కడ ఎదుటి పక్షం ఒప్పుకొని, కోర్టు అనుమతిస్తే తప్ప న్యాయవాది హాజరు కాకూడదని పాత చట్టం 36వ సెక్షను చెప్పినది. కార్మికుని పక్షాన నమోదైన కార్మిక సంఘపు బాధ్యుడు వాదించవచ్చును. అందుచేత సింగరేణిలో నల్లకోటు వేసుకోని 'వకీళ్ళు' ఎందరో తయారైనారు. చార్జిషీటుకు సమాధానం వ్రాయుట, శాఖాపరమైన విచారణలో సాక్షిని ప్రశ్నించుట వీరికి కొట్టిన పిండి. కొత్తగా పట్టా పుచ్చుకొన్న యువకుడు ఆరు నెలలు ఒక సంఘ కార్యాలయంలో కూర్చుంటే నేర్చుకొనేది కళాశాలలో మూడేళ్ళలో నేర్చుకోలేడని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

రెండవ రకం వారసుల ఉద్యోగాల కేసులు. కార్మికుడు పనిలో ఉండగా మరణించినా, కొత్తగూడెంలోని మెడికల్ బోర్డు 'అన్‌ఫిట్' చేసినా, అర్హుడైన వారసునికి కారుణ్య నియామకం ఇచ్చే పద్ధతి ఉన్నది. ఇందులో పుట్టిన తేదీ తేడాలు, ఇద్దరు భార్యల తగాదాలు, ఆలస్యంగా దరఖాస్తు చేయుట వంటి చిక్కులు వస్తాయి. అన్నిటికంటే క్లిష్టమైనది మారుపేర్ల సమస్య. పూర్వం అన్న పేరుతోనో, బంధువు పేరుతోనో బాయిలో చేరిన కార్మికుడు ముప్పై ఏళ్ళు అదే పేరుతో పనిచేస్తాడు. కొడుకు బడి సర్టిఫికెటులోను, ఆధార్‌లోను మాత్రం తండ్రి అసలు పేరు ఉంటుంది. ఆ ఇద్దరూ ఒక్కరేనని రుజువు చేయడానికి ఓపిక గల న్యాయవాది కావాలి.

మూడవది కాంట్రాక్టు కార్మికుల కేసులు. ప్రమాదంలో మరణించిన కాంట్రాక్టు కార్మికుని కుటుంబం తరచు కాంట్రాక్టరు చుట్టూ తిరుగుతూ ఉంటుంది. చట్టం ప్రకారం ప్రధాన యజమాని, అనగా కంపెనీ, పరిహారం చెల్లించి తరువాత కాంట్రాక్టరు వద్ద వసూలు చేసుకొనవలెను. ఆ కుటుంబానికి ఈ సంగతి చెప్పే మనిషి దొరకుటయే కష్టం. పెద్ద ప్రమాదాలపై గనుల చట్టం, 1952లోని 24వ సెక్షను కింద విచారణ న్యాయస్థానం ఏర్పాటు చేసే వీలుండెను. 2003 జూన్ 16న గోదావరిఖని 7 ఎల్.ఇ.పి. గనిలోకి నీరు చొచ్చుకువచ్చి 17 మంది మరణించిన సంగతి ఈ ప్రాంతంలో ఎవరూ మరువలేదు. అటువంటి విచారణలలో కార్మికుల పక్షాన సాంకేతిక పత్రాలు చదివి ప్రశ్నించగలవారు అవసరం.

ఓపెన్‌కాస్టు గనులు పెరిగిన తరువాత నాలుగవ రకం వచ్చినది. రామగిరి, కమాన్‌పూర్ మండలాల వంటి చోట్ల భూసేకరణ, పునరావాసం, పేలుళ్ళ వలన ఇండ్లకు పగుళ్ళు, దుమ్ము, అడుగంటిన బావులు ముఖ్య సమస్యలు. 2014 జనవరి 1 నుండి అమలైన భూసేకరణ చట్టం భూమిలేని కూలీలకు కూడా పునరావాస హక్కు ఇచ్చినది. 2006 నాటి పర్యావరణ ప్రభావ మదింపు ప్రకటన ప్రకారం గనికి అనుమతి ఇచ్చేముందు ప్రజాభిప్రాయ సేకరణ జరపాలి. ఆ సభలో చెప్పిన అభ్యంతరం నమోదైతేనే తరువాత చెన్నైలోని జాతీయ హరిత ట్రిబ్యునల్ దక్షిణ బెంచిలో అది ఉపయోగపడుతుంది. పేలుళ్ళ ప్రకంపనలకు గనుల భద్రతా డైరెక్టరేటు 1997లోనే పరిమితులు విధించినది. కొలతల రికార్డును సమాచార హక్కు కింద తెప్పించుకొనకుండా, గోడ పగుళ్ళ ఫొటోలు మాత్రమే పట్టుకొని కోర్టుకు వెళితే కేసు నిలువదు.

2017 నాటి తీర్పు

బొగ్గుబాయి కుటుంబాలలో కోర్టు కేసు అనగానే చాలామందికి గుర్తుకు వచ్చేది 2017 సంవత్సరం. పదవీ విరమణకు ముందే తప్పుకొనే కార్మికుల వారసులకు ఉద్యోగాలిచ్చే పథకాన్ని కంపెనీ ప్రకటించగా, ఒక నిరుద్యోగ యువకుడు హైకోర్టును ఆశ్రయించెను. అందరికీ సమానావకాశం కల్పించే 14, 16 అధికరణాలకు ఈ పథకం విరుద్ధమని హైకోర్టు 2017 మార్చిలో దానిని కొట్టివేసినది. సుప్రీంకోర్టు కూడా ఏప్రిల్‌లో జోక్యం చేసుకొనలేదు. నిజంగా అనారోగ్యంతో అన్‌ఫిట్ అయినవారి వారసులకు ఉద్యోగమిచ్చే పద్ధతి వేరు, అది కొనసాగినది.

ఈ తీర్పు వలన వేలాది కుటుంబాల ఆశ పోయినది. వారసుడు కాని నిరుద్యోగికి మాత్రం తలుపు తెరుచుకొన్నది. ప్రజాప్రయోజనం అనే మాటలో 'ప్రజ' ఎవరు అనే ప్రశ్నకు ఇంతకంటే మంచి పాఠం మరొకటి లేదు. ఈ రంగంలోకి రాదలచిన గోదావరిఖని విద్యార్థి ఆ తీర్పును తన ఇంటి కోణం నుండి ఒకసారి, ఎదుటి ఇంటి కోణం నుండి ఒకసారి చదువవలెను.

కార్మికునికి ఉచిత న్యాయవాది

న్యాయసేవల ప్రాధికార సంస్థల చట్టం, 1987 అమలులోకి వచ్చినది 1995 నవంబరు 9న. దీనిలోని 12వ సెక్షను ఉచిత న్యాయసహాయానికి అర్హులను పేర్కొన్నది. షెడ్యూల్డు కులాలు, తెగలవారు, స్త్రీలు, పిల్లలు, వికలాంగులు, విపత్తు బాధితులు, నిర్బంధంలో ఉన్నవారు ఈ జాబితాలో ఉన్న సంగతి చాలామందికి తెలుసు. అదే జాబితాలో 'పారిశ్రామిక కార్మికుడు' కూడా ఉన్నాడని తెలిసినవారు తక్కువ. ఈ అర్హతకు ఆదాయ పరిమితి లేదు. అనగా గనిలో పనిచేసే కార్మికుడు, అతడు పర్మినెంటు అయినా కాంట్రాక్టు అయినా, తన కేసుకు ఉచిత న్యాయవాదిని కోరవచ్చును. పారిశ్రామిక విపత్తు బాధితులు కూడా విడిగా అర్హులే.

2022 జూన్ 2న తెలంగాణలో జిల్లాకొక న్యాయజిల్లా ఏర్పడినది. అంతకుముందు కరీంనగర్ న్యాయజిల్లాలో ఉన్న పెద్దపల్లికి దానితో సొంత జిల్లా న్యాయస్థానం, జిల్లా న్యాయసేవాధికార సంస్థ వచ్చినవి. హక్కు చట్టంలో ఉన్నది, కార్యాలయం దగ్గరికి వచ్చినది. అక్కడ కార్మిక చట్టం తెలిసిన న్యాయవాది ఉంటేనే ఆ హక్కుకు విలువ. అత్యధికులు భూతగాదాలు, క్రిమినల్ కేసులు చూసే న్యాయవాదులే కావడం వలన కార్మిక చట్టం నేర్చిన యువకులకు ఇక్కడ చోటున్నది.

ఉద్యోగావకాశాలు

న్యాయసేవాధికార సంస్థలలో రెండు విధాల ప్రవేశం కలదు. మొదటిది ప్యానెల్ న్యాయవాది. జాతీయ న్యాయసేవాధికార సంస్థ 2010 నిబంధనల ప్రకారం సాధారణంగా 3 సంవత్సరాల అనుభవం ఉన్నవారిని ప్యానెల్‌లో చేర్చుకొంటారు. కేసుకు ఇంత అని రుసుము ఇస్తారు. దానితో ఇల్లు గడవదు. రెండవది 2022 పథకం ద్వారా వచ్చిన న్యాయసహాయ రక్షణ న్యాయవాది (లీగల్ ఎయిడ్ డిఫెన్స్ కౌన్సెల్) ఉద్యోగం. ఇది ముద్దాయిల పక్షాన పనిచేసే పూర్తికాలపు కాంట్రాక్టు ఉద్యోగం. ప్రైవేటు కేసులు చేపట్టరాదు. చీఫ్ పదవికి 10 ఏళ్ళు, డిప్యూటీకి 7 ఏళ్ళు అనుభవం కావాలి. అసిస్టెంటు పదవికి మాత్రం 0 నుండి 3 ఏళ్ళ అనుభవం చాలును. కొత్తగా నమోదైన న్యాయవాదికి నెల జీతంతో పేదల పక్షాన వాదించే అవకాశం జిల్లా స్థాయిలో ఇదొక్కటే అనవచ్చును. జిల్లా కోర్టుల వెబ్‌సైట్లలో, నోటీసు బోర్డులపై ఈ ప్రకటనలు వెలువడతాయి. గడువు తక్కువగా ఉంటుంది కనుక కనిపెట్టి ఉండవలెను.

హైకోర్టు, సుప్రీంకోర్టు న్యాయమూర్తుల వద్ద లా క్లర్కులుగా చేరవచ్చును. సుప్రీంకోర్టు 2024 ప్రకటనలో నెలకు 80,000 రూపాయలు పేర్కొన్నారు. సివిల్ జడ్జి పోటీపరీక్షకు కనీసం 3 సంవత్సరాల వృత్తి అనుభవం ఉండాలని 2025 మే 20న సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. లా క్లర్కుగా పనిచేసిన కాలాన్ని కూడా ఇందులో లెక్కిస్తారు.

ప్రభుత్వం పక్షాన పనిచేస్తూ కూడా ప్రజాప్రయోజనం నెరవేర్చవచ్చును. అసిస్టెంట్ పబ్లిక్ ప్రాసిక్యూటరు ఉద్యోగాలను తెలంగాణ పోలీసు నియామక మండలి భర్తీ చేస్తుంది. రాష్ట్ర గ్రూపు-2 పరీక్షలో సహాయ కార్మిక అధికారి పదవి ఉన్నది. దీనికి న్యాయశాస్త్ర పట్టా అక్కరలేదు గాని ఉంటే ఎంతో మేలు.

స్వచ్ఛంద సంస్థలలో కొలిన్ గొంజాల్వెజ్ 1989లో స్థాపించిన హ్యూమన్ రైట్స్ లా నెట్‌వర్క్, అహమదాబాదులోని సెంటర్ ఫర్ సోషల్ జస్టిస్, బెంగుళూరులోని ఆల్టర్నేటివ్ లా ఫోరం పేర్కొనదగినవి. జీతాలు మితంగానే ఉంటాయి. ఇక్కడ ఒక నిబంధనను మరువరాదు. బార్ కౌన్సిల్ 49వ నియమం ప్రకారం న్యాయవాది పూర్తికాలపు జీతగాడుగా ఉండరాదు. అటువంటి ఉద్యోగంలో చేరేముందు సన్నదు నిలిపివేయవలసి ఉంటుందా లేదా అనే విషయం సంస్థను అడిగి తెలుసుకోవాలి.

ఫెలోషిప్పులు

ఫెలోషిప్పు అనగా జీతం వంటిదే కాని ఒక నిర్ణీతకాలానికి, నిర్ణీతమైన పనికి ఇచ్చే భృతి. అమెరికాలో 1988లో మొదలైన స్కాడెన్ ఫెలోషిప్పు కొత్త న్యాయవాదులను రెండేళ్ళపాటు పేదల కేసులపై పనిచేయించుటకు ఖర్చు భరిస్తుంది. అంత విస్తృతమైన ఏర్పాటు మన దేశంలో లేదు. ఉన్నవాటిలో కొన్ని:

పార్లమెంటు సభ్యునికి శాసన సహాయకునిగా పనిచేసే ల్యాంప్ ఫెలోషిప్పును పీఆర్ఎస్ సంస్థ 2010 నుండి నడుపుచున్నది. 25 ఏళ్ళలోపు పట్టభద్రులు ఏ సబ్జెక్టువారైనా అర్హులు. చట్టాలు తయారయ్యే తీరును దగ్గరగా చూడవచ్చును. జాతీయ మానవహక్కుల కమిషన్ విద్యార్థులకు స్వల్పకాలిక ఇంటర్న్‌షిప్పులు ఇస్తుంది. తెలంగాణలో షెడ్యూల్డు కులాల న్యాయపట్టభద్రులకు సీనియరు వద్ద శిక్షణ పొందే మూడేళ్ళ కాలానికి ఉపకారభృతి ఇచ్చే పథకం సంక్షేమశాఖ ద్వారా నడచినది. ఆంధ్రప్రదేశ్‌లో 2019 డిసెంబరులో అప్పటి ప్రభుత్వం జూనియర్ న్యాయవాదులకు నెలకు 5,000 రూపాయలిచ్చే లా నేస్తం పథకం ప్రారంభించినది. ఇటువంటి పథకాలు ప్రభుత్వాలతోపాటు మారుతుంటాయి కనుక దరఖాస్తుకు ముందు జిల్లా సంక్షేమ కార్యాలయంలో విచారించుకొనుట మంచిది.

విదేశాలలో ఎల్.ఎల్.ఎం. చేయుటకు చీవెనింగ్, కామన్వెల్త్, ఫుల్‌బ్రైట్-నెహ్రూ, ఇన్‌లాక్స్ ఉపకారవేతనాలు ప్రసిద్ధమైనవి. షెడ్యూల్డు కులాలు మొదలైనవారికి కేంద్ర ప్రభుత్వపు జాతీయ విదేశీ ఉపకారవేతనం కలదు. 35 ఏళ్ళలోపు వయస్సు, 60 శాతం మార్కులు, 8 లక్షల లోపు కుటుంబ వార్షికాదాయం ఉండాలి. ఓవర్‌టైముతో కలిపి చూస్తే పర్మినెంటు కార్మికుల పిల్లలు కొందరు ఈ పరిమితి దాటిపోతారు. కాంట్రాక్టు కార్మికుల పిల్లలకు ఆ ఇబ్బంది లేదు. వారికి ఇటువంటిదొకటి ఉన్నదని చెప్పేవారే లేరు.

ఇంటర్మీడియెట్ స్థాయిలోనే చెప్పదగినది ఐడియా. శంనాద్ బషీర్ 2010లో ప్రారంభించిన ఈ సంస్థ వెనుకబడిన కుటుంబాల పిల్లలను గుర్తించి క్లాట్ పరీక్షకు శిక్షణ ఇచ్చి, జాతీయ న్యాయ విశ్వవిద్యాలయాలలో చదువుకొనుటకు తోడ్పడుతుంది.

చదువు, నమోదు, తొలి మూడేళ్ళు

తెలంగాణలో 3 ఏళ్ళ, 5 ఏళ్ళ ఎల్.ఎల్.బి. కోర్సులకు లాసెట్ ద్వారా ప్రవేశం. గోదావరిఖని విద్యార్థులు ఎక్కువగా కాకతీయ, ఉస్మానియా విశ్వవిద్యాలయాల పరిధిలోని కళాశాలలకు వెళతారు. హైదరాబాదులోని నల్సార్‌కు క్లాట్ వ్రాయవలెను. పట్టా తరువాత బార్ కౌన్సిల్‌లో నమోదై, అఖిల భారత బార్ పరీక్ష ఉత్తీర్ణులు కావాలి. నమోదుకు కౌన్సిళ్ళు వేలాది రూపాయలు వసూలు చేసే అలవాటు ఉండేది. సాధారణ అభ్యర్థులకు 750, షెడ్యూల్డు కులాలు, తెగలవారికి 125 రూపాయలకు మించి వసూలు చేయరాదని 2024 జూలై 30న గౌరవ్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసినది.

అసలు కష్టం నమోదు తరువాతనే. సీనియరు వద్ద చేరిన జూనియరుకు తొలి మూడేళ్ళు చేతికి వచ్చేది బస్సు చార్జీలకు సరిపోవడం కూడా కద్దు. జూనియర్లకు పట్టణాలలో నెలకు 20,000, గ్రామీణ ప్రాంతాలలో 15,000 రూపాయలు ఇవ్వాలని భారత బార్ కౌన్సిల్ 2024లో సూచించినది. అది సూచన మాత్రమే. సింగరేణిలో కారుణ్య నియామకం దొరికే కుర్రవానికి తొలి నెల నుండే జీతం వస్తుంది. అతడు దానిని వదలి నల్లకోటు వేసుకోవడానికి ఇంట్లో ఎవరు ఒప్పుకొంటారు? అసిస్టెంటు రక్షణ న్యాయవాది ఉద్యోగం, లా క్లర్కు పని, పైన చెప్పిన భృతులు ఈ మూడేళ్ళను దాటించే పడవలుగా ఉపయోగపడతాయి.

ఈ బాటలో నడచినవారు

కె.జి. కన్నబిరాన్ (1929-2010) పౌరహక్కుల కేసులకు జీవితాన్ని వెచ్చించిన న్యాయవాది. పీయూసీఎల్ జాతీయ అధ్యక్షునిగా కూడా పనిచేసినారు. కె. బాలగోపాల్ (1952-2009) గణితంలో డాక్టరేటు పొంది, కాకతీయ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పి, ఆ తరువాత న్యాయశాస్త్రం చదివి హైకోర్టులో పేదల కేసులు వాదించినారు. మానవహక్కుల వేదిక వ్యవస్థాపకులలో ఆయన ఒకరు. నడివయస్సులో కూడా ఈ వృత్తిలోకి రావచ్చునని ఆయన జీవితం చూపుతుంది. పొరుగున ఉన్న ఛత్తీస్‌గఢ్‌లో సుధా భరద్వాజ్ ఐఐటీ కాన్పూరు పట్టభద్రురాలై, దల్లీ రాజహరా ఇనుప గనుల కార్మిక సంఘంలో పనిచేస్తూ, 2000లో న్యాయశాస్త్ర పట్టా పొందినారు. ఆ తరువాత బిలాస్‌పూర్‌లో జనహిత్ అనే న్యాయవాద బృందాన్ని నిర్మించినారు. 2018లో అరెస్టయి, 2021 డిసెంబరులో బెయిలుపై విడుదలైనారు.

ప్రమాదాలు

ఈ వృత్తిలో ప్రాణభయం లేదని చెప్పుట అబద్ధమవుతుంది. 2021 ఫిబ్రవరి 17న పెద్దపల్లి జిల్లా రామగిరి మండలం కల్వచర్ల వద్ద న్యాయవాద దంపతులు గట్టు వామనరావు, నాగమణి పట్టపగలు రోడ్డుపై హత్యకు గురైనారు. మంథని పోలీసు స్టేషనులో 2020లో జరిగిన కస్టడీ మరణం విషయాన్ని హైకోర్టు దృష్టికి తెచ్చినవారు వీరే. ఈ హత్యల దర్యాప్తును 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు సీబీఐకి అప్పగించినది. న్యాయవాదుల రక్షణకు ప్రత్యేక చట్టం కావాలన్న కోరిక ఈ ఘటన తరువాత తెలంగాణలో బలపడినది. రాజస్థాన్ 2023లో అటువంటి చట్టం చేసినది. కొత్తగా వచ్చేవారు ఒంటరిగా కాక సంఘంతోనో, సీనియరుతోనో కలిసి సున్నితమైన కేసులు చేపట్టుట, ప్రతి బెదిరింపును వ్రాతపూర్వకంగా నమోదు చేయించుట అవసరం.

పట్టా లేనివారికి

న్యాయశాస్త్రం చదవనివారు కూడా పారా లీగల్ వాలంటీర్లుగా పనిచేయవచ్చును. 2009లో మొదలైన ఈ పథకంలో అంగన్‌వాడీ కార్యకర్తలు, న్యాయవిద్యార్థులు, విశ్రాంత ప్రభుత్వోద్యోగులు, విశ్రాంత ఉపాధ్యాయులు కూడా అర్హుల జాబితాలో ఉన్నారు. దరఖాస్తు వ్రాసిపెట్టుట, కాగితాలు సరిచూచుట, బాధితుని న్యాయసేవాధికార సంస్థకు తీసుకువెళ్ళుట వీరి పని. పనిచేసిన రోజులకు కొద్దిపాటి గౌరవవేతనం ఇస్తారు. జిల్లా న్యాయసేవాధికార సంస్థ కార్యదర్శి పేరిట దరఖాస్తు ఇవ్వవలెను.